విదేశంలో టీచర్ ఉద్యోగం: లాప్‌టాప్ ఇక్కణ్ణుంచే తీస్కపోవాల్నా, అక్కడ కొనాల్నా, స్కూలే ఇస్తదా?

ఫిబ్రవరి దాటిందంటే నాకు ఒకటే రకం ఫోన్లు. “అక్కా, షార్జాలో ఆఫర్ వచ్చింది, లాప్‌టాప్ కొనుక్కొని పోవాల్నా, వాళ్లే ఇస్తరా?” గల్ఫ్‌లో మన ఇండియన్ కరికులం స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలైతయి గదా, వీసా, సర్టిఫికెట్ల అటెస్టేషన్, ఇంటి ఓనర్‌కి చెప్పుడు, పిల్లల టీసీలు, ఇవన్నీ అయినంక ఆఖరి వారంలో లాప్‌టాప్ యాదికొస్తది, అప్పుడు ఆగమాగం సికింద్రాబాద్ పారడైజ్ దగ్గర సీటీసీకి, అదే కంప్యూటర్ దుకాణాల కాంప్లెక్స్‌కి, ఉరుకుతరు, ఆ దుకాణపాయన ఏది చూపిస్తే అది తెచ్చుకుంటరు. నాకు ఫోన్ చేసేటాళ్లలో సగం మంది అప్పటికే కొనేసి, మంచిదే కొన్ననా లేదా అని అడుగుతరు. కొన్నంక నేనేం చెప్తా, మంచిదే కొన్నవ్ అంటా.

పోయేముందు అడిగేటాళ్ల కోసం ఇది రాస్తున్న. నా మాట మొదలే చెప్తా: ఏ దేశం పోయినా మీ సొంతానికి ఒక కంప్యూటర్ ఉండాలె, స్కూల్ ఇచ్చినా సరే ఉండాలె. అయితే అది కొత్తదే కానక్కర్లేదు, గల్ఫ్ పోయేటాళ్లయితే ఇక్కడే కొనాలని కూడా ఏం లేదు. ఎందుకో నా కథ వింటే తెలుస్తది.

నేను 2018 ఏప్రిల్ నుంచి 2023 దాక షార్జాలో ఒక సీబీఎస్ఈ స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు ఫిజిక్స్ చెప్పిన. ఇంటర్వ్యూ ఇక్కడే హైదరాబాద్‌లో ఒక హోటల్లో అయింది. లాప్‌టాప్ ఇస్తరా సార్ అని అడిగితే ఆయన నవ్వుకుంట “కంప్యూటర్ ఫెసిలిటీ ఉంది మేడం” అన్నడు. ఫెసిలిటీ అంటే నాకొక లాప్‌టాప్ అనుకున్న నేను. ఇంట్ల ఉన్న పాత లాప్‌టాప్ మా తమ్మునికిచ్చేసి చేతులూపుకుంట పోయిన. పోయి చూస్తే స్టాఫ్ రూంలో కిటికీ పక్కన ఒకటే డెస్క్‌టాప్, పద్నాలుగు మంది టీచర్లం. మానిటర్ మీద ఒక పసుపు చీటీ అంటించి ఉండేది, ఎవరికి ఏ పీరియడ్‌లో టైపింగ్ అని పెన్సిల్‌తో పేర్లు, ఒకరి పేరు కొట్టేసి ఇంకొకరు రాసుకునుడు, దాని మీద అలకలు.

మొదటి యూనిట్ టెస్ట్ పేపర్ టైప్ చేసిన రోజు నాకింకా మంచిగ గుర్తుంది. నా వంతు ఏడో పీరియడ్, నలభై నిమిషాలు. ఓమ్స్ లా మీద సర్క్యూట్ లెక్క రాస్తున్న, ఏదో సరిచేద్దామని ఆల్ట్, షిఫ్ట్ ఒక్కసారే తగిలినట్టున్నయి, అంతే, అక్షరాలు అరబిక్‌లో పడుడు మొదలైంది. బ్యాక్‌స్పేస్ కొడ్తే వేరేదేదో పోతున్నది, కర్సర్ ఎక్కడుందో తెలుస్తలేదు. ఆ రెండు మీటలు మళ్లీ ఒక్కసారి కొడితే ఇంగ్లీషుకి వస్తదని చెప్పేటోళ్లు ఎవరూ లేరు పక్కకి, వెనకాల కెమిస్ట్రీ మేడం నిలబడి గడియారం చూసుకుంటున్నది. ఆ పేపర్ ఆఖరికి చేత్తో రాసిచ్చిన, పదకొండేండ్ల సర్వీసులో అదొక్కటే.

జూన్‌లో, సెలవులకి ఇంటికొచ్చే ముందు, బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు, అందరు కంప్యూటర్ స్ట్రీట్ అంటరు దాన్ని, అక్కడికి పోయి ఒక లాప్‌టాప్ కొన్న. అప్పటి లెక్కల మన 35 వేలయింది. అదే నన్ను కాపాడింది తర్వాత. 2020 మార్చిలో కరోనాకి యూఏఈ స్కూళ్లన్నీ మూసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టినప్పుడు స్కూల్ డెస్క్‌టాప్ తాళం వేసిన స్టాఫ్ రూంలోనే ఉండిపోయింది, సొంత లాప్‌టాప్ లేని టీచర్లు ఫోన్ని గిన్నె కి ఆనించి పాఠాలు చెప్పిన్రు, అది తమాషాగ చెప్తలేను, నా ఫ్లాట్‌మేట్ నిజంగ ఇడ్లీ గిన్నెకే ఆనించింది.

ఆ తర్వాత 2021లో స్కూల్ అందరికి లాప్‌టాప్‌లు ఇచ్చింది. మంచిగుంది అనుకొని నా సొంతది మూలకు పెట్టిన. రెండేండ్లు క్వశ్చన్ బ్యాంకు, వర్క్‌షీట్లు, ల్యాబ్ మాన్యువల్, పీపీటీలు అన్నీ స్కూల్ అకౌంట్‌లోనే. 2023లో రిజైన్ చేసి క్లియరెన్స్ ఫారం మీద సంతకాలకు తిరుగుతుంటే ఐటీ రూంలో పిల్లగాడు లాప్‌టాప్ తీసుకొని సంతకం పెట్టిండు, సాయంత్రానికల్లా అకౌంట్ బంద్. వీకెండ్‌లో కాపీ చేసుకుందాం అనుకున్న నేను. అడిగితే స్కూల్ అకౌంట్‌లో చేసింది స్కూల్‌దే అన్నరు, కాగితం మీద వాళ్లు చెప్పింది కరెక్టే. తప్పు నాదే, పెన్‌డ్రైవ్ ధర అయిదొందలు కూడ కాదు.

అందుకే ఎవరన్నా “స్కూల్ ఇస్తరా” అని అడిగితే నేను, ఇస్తరు సరే, వాపస్ ఎప్పుడు తీసుకుంటరో అడిగినవా అంటా.

స్కూల్ ఇచ్చేదాని మీదనే ఉంటే

ఫీజులు బాగ ఎక్కువ ఉండే ఇంటర్నేషనల్ స్కూళ్లు, అంటే బ్రిటిష్ కరికులం, ఐబీ, అమెరికన్, ఇవి మామూలుగ టీచర్‌కి ఒక లాప్‌టాప్ ఇస్తయి, కొన్ని మ్యాక్‌బుక్ కూడ ఇస్తయి. మన ఇండియన్ కరికులం స్కూళ్లలో ఒక్కో దాంట్ల ఒక్కో తీరు, కొన్ని మంచిగిస్తయి, కొన్నిట్ల క్లాస్‌రూం స్మార్ట్‌బోర్డుకి కలిపిన కంప్యూటర్ ఒక్కటే ఉంటది, కొన్నిట్ల నా లెక్కనే పసుపు చీటీ. అమెరికాలో, ఇంగ్లండ్‌లో గవర్నమెంట్ స్కూళ్లు చాలావరకు ఇస్తయి, అయితే సప్లై టీచర్‌గ, అంటే రోజుకొక స్కూల్‌కి పోయే ఏజెన్సీ పనిల చేరితే ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఇచ్చిన లాప్‌టాప్‌తో ఉండే చిక్కులు వేరు. అడ్మిన్ పాస్‌వర్డ్ మీకియ్యరు, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా ఐటీ వాళ్లకి టికెట్ పెట్టాలె. మీరు ఏం చూసినా వాళ్లకి కనపడొచ్చు, దాంట్ల బ్యాంకు లాగిన్లు, పాస్‌పోర్ట్ స్కాన్లు, ఇంటి లోన్ కాగితాలు పెట్టుకునుడు నాకైతే మనసొప్పలే. కొన్ని స్కూళ్లు ఎండాకాలం రెండు నెలల సెలవులకి లాప్‌టాప్ వాపస్ తీసుకుంటయి, మీరు హైదరాబాద్ వచ్చి కూసొని వచ్చే టర్మ్ ప్లాన్లు రాద్దామంటే చేతిల ఏం ఉండదు. ఇంకోటి, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుందాం అనుకునేటాళ్లు యూఏఈలో పర్మిట్ తీసుకోవాలె, 2023 డిసెంబర్ నుంచి ప్రైవేట్ టీచర్ పర్మిట్ అని పెట్టిన్రు, తీసుకున్నంక కూడ ఆ ట్యూషన్ స్కూల్ లాప్‌టాప్ మీద చెప్పకండి, మాటొస్తది.

ఇంకా ఒక సంగతి మనోళ్లు అస్సలు పట్టించుకోరు. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు నుంచి స్కూల్‌లో చేరే రోజు దాక రెండు మూడు నెలల పని ఉంటది, పోలీస్ క్లియరెన్స్, అటెస్టేషన్ ఫారాలు, ఆన్‌లైన్ ఇండక్షన్, చైల్డ్ ప్రొటెక్షన్ ట్రైనింగ్, రూం వెతుకుడు. అప్పటికి స్కూల్ లాప్‌టాప్ మీ చేతిల ఉండదు. ఫోన్లో యాభై పేజీల పీడీఎఫ్ నింపుడు ఎంత నరకమో చేసినోళ్లకే తెలుసు.

అట్లని స్కూల్‌దే వద్దు అంటలేను. పిల్లల మార్కులు, రిపోర్టులు, ఫొటోలు ఇవన్నీ స్కూల్ లాప్‌టాప్‌లోనే ఉండాలె, సొంతదాంట్ల అస్సలు వద్దు. ఇంగ్లండ్‌లో డేటా ప్రొటెక్షన్ యాక్ట్ 2018, అమెరికాలో 1974 నుంచి ఫెర్పా అని చట్టం, రెండు చోట్ల పిల్లల వివరాల సంగతిలో గట్టిగుంటరు. ఇక్కడ మనం యాన్యువల్ డే ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడతం గదా, ఆ అలవాటు ఫ్లైట్ ఎక్కే ముందే వదిలేయాలె.

ఇంట్ల ఉన్నదే తీస్కపోతే

నాకు నచ్చిన దారి ఇది, పైసలు మిగులుతయి. ముందు రెండు చూడుండ్రి. ఒకటి విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆపేసింది, స్కూల్ నెట్‌వర్క్‌లు పాత విండోస్‌ని కలుపుకోకపోవచ్చు. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలె, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి, అంటే సుమారుగ 2018 తర్వాత వచ్చిన లాప్‌టాప్‌లు. మైక్రోసాఫ్ట్‌దే పీసీ హెల్త్ చెక్ అని ఒక చిన్న యాప్ ఉంది, అది పెట్టి చూస్తే అవునో కాదో చెప్తది. కాదంటే ఆ లాప్‌టాప్‌ని ఇంట్లనే పిల్లలకి ఇచ్చేసేయండి, మోసుకొని పోయి లాభం లేదు.

రెండోది స్పీడ్. లాప్‌టాప్ మెల్లగ ఉందని కొత్తది కొనేటోళ్లు చాలామంది దాంట్ల పాత హార్డ్‌డిస్క్ ఉందని చూసుకోరు. సీటీసీలో దాని బదులు ఎస్ఎస్‌డీ, అంటే ఫాస్ట్‌గ నడిచే కొత్త రకం డిస్క్, పెట్టించి, ర్యామ్ 8 జీబీ నుంచి 16 జీబీకి పెంచితే, పెంచే స్లాట్ ఉంటే, అదే మిషన్ కొత్తదాని లెక్కన నడుస్తది. పని ఒక పూటలో అయిపోతది, అంతసేపు కింద చాయ్ తాగుకుంట కూసోవచ్చు. బ్యాటరీ గంట కూడ ఆగకపోతే అది కూడ ఇక్కడే మార్పించండి, బయట రిపేర్ కూలి చానా ఎక్కువ.

కానీ ఒక దండం పెట్టి చెప్తున్న, అక్కడే “మేడం, ఆఫీస్ కూడ ఎక్కిస్తా, అన్నీ ఫుల్ వెర్షన్లు” అంటరు చూడుండ్రి, ఆ క్రాక్ సాఫ్ట్‌వేర్ వద్దు. నా పాత కొలీగ్ ఒకామె అట్లనే పోయింది, స్కూల్ వైఫైకి కలపంగనే వాళ్ల సెక్యూరిటీ పట్టేసింది, చేరిన వారంలోనే ఐటీ హెడ్ ముందర నిలబడి సంజాయిషీ. చాలా స్కూళ్లు ఇచ్చే మెయిల్ ఐడీతో ఆఫీస్ వెబ్ వెర్షన్ ఫ్రీగనే వస్తది, గూగుల్ డాక్స్ ఎట్లాగు ఫ్రీ, లిబ్రెఆఫీస్ ఫ్రీ. మరి ఆ క్రాక్ ఎందుకు.

తెలుగులో నోట్స్ చేసుకున్నోళ్లకి ఒక మాట. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్లు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతల లెక్క కనపడతయి. పోయేముందు వాటిని పీడీఎఫ్ చేసి పెట్టుకోండి, ఓపికుంటే ఏ కంప్యూటర్లోనైనా కనపడే యూనికోడ్‌లోకి మార్చుకోండి. మా అత్తమ్మ రిటైర్డ్ తెలుగు పండిట్, ఇరవై ఏండ్ల పద్యాల నోట్స్ ఇట్లనే గీతలైపోయి ఆమె ఎంత బాధపడ్డదో నేను చూసిన.

ఇక్కడ కొత్తది కొనుడా, అక్కడ కొనుడా

అసలు తగువంతా ఇక్కడే ఉంటది. మనకు లాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. యూఏఈలో వ్యాట్ 5 శాతం, అందుకే కొన్ని మోడళ్లు అక్కడ చవక, కంప్యూటర్ స్ట్రీట్‌లో నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడితే బ్యాగు, మౌస్ ఉత్తగనే వస్తయి, హిందీ వచ్చినోళ్లకి బేరం ఇంకా సులువు. సౌదీ సంగతి వేరు, అక్కడ 2020 జూలై నుంచి వ్యాట్ 15 శాతం, పెద్ద తేడా మిగలదు. ఇంగ్లండ్‌లో 20 శాతం, ధరలో కలిపే రాస్తరు. అమెరికాలో బోర్డు మీద ఒక ధర చూసి కౌంటర్ దగ్గరికి పోతే సేల్స్ ట్యాక్స్ కలిపి ఇంకో ధర చెప్తరు, రాష్ట్రాన్ని బట్టి మారుతది. ఆపిల్ కొనేటాళ్లు ఇక్కడైనా అక్కడైనా ఎడ్యుకేషన్ ధర అడగండి, అది స్టూడెంట్లకే అనుకుంటరు గని టీచర్లకి కూడ ఉంటది.

ధరొక్కటే చూస్తే గల్ఫ్‌లో కొనుడే మంచిగ కనపడతది. మరి కీబోర్డు? గల్ఫ్‌లో దుకాణంలో చేతికొచ్చే లాప్‌టాప్‌ల మీద ఇంగ్లీషు పక్కన అరబిక్ అక్షరాలు అచ్చేసి ఉంటయి. వాడుకోవడానికి అడ్డం కాదు, నేను ఇప్పుడు ఇది టైప్ చేస్తున్నది కూడ దాని మీదనే, మా పాప క్లాస్‌మేట్లు వచ్చినప్పుడు “ఆంటీ ఉర్దూ కీబోర్డా” అని అడుగుతరు. కానీ మొన్న సీటీసీలో అమ్ముదామని అడిగితే ఆయన కీబోర్డు చూసి మూతి వంకరపెట్టి నాలుగు వేలు తక్కువ చేసిండు. జర్మనీ పోయేటాళ్లకి ఇంకా కష్టం, అక్కడ కీబోర్డులో జెడ్, వై తారుమారుగ ఉంటయి. ఫ్రాన్స్‌లో అయితే క్యూ, ఏ లు మారిపోతయి. అట్లాంటి దేశాలకు ఇక్కణ్ణుంచే కొనుక్కపోవుడు నయం.

ఇంకా పెద్ద సంగతి వారంటీ. ఇక్కడ కొన్న విండోస్ లాప్‌టాప్‌లలో చాలా మోడళ్లకి వారంటీ ఇండియాలోనే చెల్లుతది, కొన్ని బిజినెస్ మోడళ్లకే ఇంటర్నేషనల్ వారంటీ ఉంటది. దుకాణంలో అడిగితే “ఆల్ వరల్డ్ మేడం” అంటరు, నమ్మకండి, బిల్లు చేతిలకి రాకముందే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వారంటీ ఏందో చదువుండ్రి. మ్యాక్‌బుక్‌కి ఆ తలనొప్పి తక్కువ.

అమెరికా సంగతికొస్తే నేను సీదా చెప్తా, ఇక్కణ్ణుంచే తీస్కపొండ్రి. జే1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద టీచర్లుగ మన దిక్కునుంచి చానామంది పోతున్నరు, ఆ ప్రోగ్రాం మూడేండ్లు, ఆ తర్వాత ఇంకో రెండేండ్ల దాక పెంచొచ్చు. పోయిన కొత్తల సోషల్ సెక్యూరిటీ నంబర్ రావాలె, బ్యాంకు అకౌంట్ తెరవాలె, ఇంటి డిపాజిట్, కారు, అన్నీ ఒకేసారి మీద పడతయి, క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి వాయిదాల మీద ఎవరు ఇయ్యరు. మొదటి జీతం పడేదాక డాలర్‌ని తొంభై సార్లు లెక్కపెడతరు. ఆ నెలలో లాప్‌టాప్ కొనుడు ఎందుకు, ఇక్కడ జీతం స్లిప్పు చూపిస్తే ఈఎంఐ దొరుకుతది గదా. మీరు పోయినంక స్కూల్ వాళ్లు ఒకటి ఇస్తరు, మీ సొంతది ఇంట్లనే ఉంటది, స్కూల్లో వాడితే గెస్ట్ వైఫై మీద.

ఇంగ్లండ్‌కి పోయే దారి 2023 ఫిబ్రవరిలో సులువైంది, ఇండియాలో ట్రైనింగ్ అయిన లెక్కలు, సైన్స్, లాంగ్వేజ్ టీచర్లు నేరుగ క్యూటీఎస్‌కి, అంటే అక్కడి టీచర్ అర్హతకి, అప్లై చేసుకోవచ్చని పెట్టిన్రు. అక్కడికి పాతదున్నా సరిపోతది, స్కూల్‌ది వస్తది, సొంతది ఇంటి పనికి. మాల్దీవులకి పోయేటాళ్లు మాత్రం జాగ్రత్త. చిన్న దీవిలో పోస్టింగ్ అయితే రిపేర్ షాపు ఉండదు, ఏదైనా అయితే మాలేకి పంపాలె, పడవల మీద పోయి రావాలె, పైనుంచి ఉప్పు గాలి. అక్కడికి ఢక్కామొక్కీలు తిన్న పాత మిషన్ తీస్కపోతే ఏడుస్తరు, కొత్తది, గట్టిది, ఒక స్పేర్ చార్జర్‌తో సహా ఇక్కడే కొనుక్కొని పోవాలె.

ట్యాబ్‌తో, ఫోన్‌తో నడిపిస్తా అనేటాళ్లకి నా సమాధానం ఒకటే ముక్క: ఈక్వేషన్లు టైప్ చేసి చూడుండ్రి.

స్కూల్‌కి మెయిల్ పెట్టండి, ఫోన్లో అడగకండి

ఆఫర్ మీద సంతకం చేసే ముందు హెచ్ఆర్‌కి ఒక మెయిల్ రాయాలె. నాకొక్కదానికే లాప్‌టాప్ ఇస్తరా లేక అందరికి కలిపి ఉంటదా, చేరిన మొదటి రోజే ఇస్తరా, ఇంటికి తీస్కపోవచ్చా, సెలవుల్లో నా దగ్గరే ఉంటదా, పాడైతే రిపేర్ ఖర్చు ఎవరిది, సొంత లాప్‌టాప్ వైఫైకి కలపనిస్తరా, క్లాస్‌లో బోర్డుకి హెచ్‌డీఎంఐ కేబులా ఇంకోటా. “ఫెసిలిటీ”, “యాక్సెస్”, “ప్రొవిజన్” లాంటి మాటలతో జవాబొస్తే మళ్లీ రాయండి, నా పేరు మీద ఒకటి ఇస్తరా, అవునా కాదా అని. సిగ్గు పడేదేం లేదు, జీతం గురించి అడిగినప్పుడు పడ్డమా. మూడు సార్లు అడిగినా తేల్చకపోతే అది కూడ జవాబే, సొంతది సర్దుకోండి.

ఫ్లైట్, ప్లగ్గు, కస్టమ్స్

లాప్‌టాప్, పవర్ బ్యాంకు హ్యాండ్ బ్యాగులోనే. పవర్ బ్యాంకు చెకిన్‌లో పెడితే బ్యాగు దించి మిమ్మల్ని పిలుస్తరు. 100 వాట్ అవర్ల దాక మామూలుగ అనుమతి ఉంటది, దాని మీద రాసిన ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తయి, 20,000 ఎంఏహెచ్ అంటే 74. ఫిజిక్స్ మేడంని కదా, లెక్క చెప్పకుంట ఉండలేను. ఎమిరేట్స్ ఎయిర్‌లైన్స్‌లో 2025 అక్టోబర్ 1 నుంచి పవర్ బ్యాంకు ఒక్కటే తీస్కపోనిస్తరు, అది కూడ ఫ్లైట్‌లో వాడొద్దు. హ్యాండ్ బ్యాగు 7 కిలోలు అంటే కొన్ని ఎయిర్‌లైన్స్ లాప్‌టాప్ బ్యాగుని కూడ అండ్లనే తూకం వేస్తయి, శంషాబాద్ కౌంటర్ దగ్గర పచ్చడి డబ్బా తీయాల్నా చార్జర్ తీయాల్నా అని ఆలోచించే పరిస్థితి తెచ్చుకోకండి. (నేను చార్జర్ తీసిన ఒకసారి. పచ్చడి కాకరకాయది.)

చార్జర్ ఇటుక మీద సన్న అక్షరాలతో 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఏ దేశంలోనైనా పని చేస్తది, అమెరికాలో 120 వోల్టులే అయినా సరే. మారేది గోడకి పెట్టే పిన్ను మాత్రమే. యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, సౌదీ, ఇంగ్లండ్ అన్నిట్ల మూడు చదరపు పిన్నులది. మనోళ్లు కోఠి గుజరాతీ గల్లీలో అడాప్టర్లు కొంటరు, వదులైపోయి మెరుపులొస్తయి కొన్నాళ్లకి. దానికన్నా మంచి ఉపాయం ఉంది, ఇటుక నుంచి గోడకి పోయే వైరు ఊడొస్తది చూడుండ్రి, ఇటుక వైపు మూడు గుండ్రాల మిక్కీ మౌస్ ముఖం లెక్క ఉంటది, ఆ వైరొక్కటి అక్కడ పోయి కొనుక్కుంటే అడాప్టర్ గొడవే ఉండదు. గుజరాతీ గల్లీలో కొనాల్సింది వేరే ఉంది: మీ లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ రంధ్రం లేకపోతే టైప్ సీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డాంగిల్. అది లేకపోతే మొదటి డెమో క్లాస్‌లో బోర్డు నల్లగ ఉంటది, మీ ముఖం తెల్లగ ఉంటది.

వాపస్ వచ్చేటప్పుడు కస్టమ్స్ భయం వద్దు, 18 ఏండ్లు దాటిన ఒక్కొక్కరికి ఒక లాప్‌టాప్ డ్యూటీ లేకుండ తెచ్చుకోనిస్తరు. రెండోది తెస్తే మాత్రం దాని ధర మిగతా సామాన్లతో కలిపి లెక్కలోకి వస్తది. ఇక్కడ కొని తీస్కపోయినదైతే బిల్లు ఫొటో ఫోన్లో పెట్టుకోండి, అడిగితే చూపించొచ్చు.

ఇంటికి వీడియో కాల్ సంగతి కూడ ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే చానామంది లాప్‌టాప్ కొనేది అందుకే. యూఏఈలో వాట్సాప్ మెసేజీలు పోతయి గని కాల్స్ పోవు. బోటిం, జూమ్, టీమ్స్, గూగుల్ మీట్ నడుస్తయి. అమ్మ ఫోన్లో గూగుల్ మీట్ పెట్టి, ఎట్ల ఎత్తాలో రెండు మూడు సార్లు చేయించి పోండ్రి, అక్కడికి పోయినంక ఫోన్లో నేర్పుడు మన వల్ల కాదు. వీపీఎన్, అంటే మనం ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నమో దాచే యాప్, పెట్టుకుంటే అయిపోతది అని ఎవరో ఒకరు చెప్తరు, ఆ మాట వినకండి, దాన్ని తప్పుడు పనికి వాడితే అక్కడి సైబర్ చట్టంలో జరిమానా 5 లక్షల దిర్హాంల నుంచి మొదలైతది. స్కూల్ లాప్‌టాప్‌లో పెడితే ఇంకేమన్నా ఉందా.

ఇగ ఫైళ్ల సంగతి. మీరు హైదరాబాద్‌లో తయారుచేసిన నోట్స్, పేపర్లు, వర్క్‌షీట్లు మీ సొంత అకౌంట్‌లో, ఒక బయటి ఎస్ఎస్‌డీలో, రెండు చోట్ల ఉండాలె. గూగుల్‌లో ఫ్రీగ 15 జీబీ వస్తది, వీడియోలు లేకపోతే టీచర్‌కి అది ఏండ్లకేండ్లు సరిపోతది. స్కూల్ అకౌంట్‌లో కొత్తగ చేసేవాటి గురించి కాంట్రాక్ట్‌లో ఏం రాసిన్రో చూసుకొని, తీసుకోనిచ్చేవి ఉంటే టర్మ్ టర్మ్‌కి అడిగి కాపీ చేసుకోండి, రిజైన్ లెటర్ ఇచ్చినంక కాదు. పిల్లల పేర్లు, మార్కులు ఉన్నవి మాత్రం ముట్టుకోవద్దు.

మొన్న ఫోన్ చేసిన మల్కాజిగిరి చెల్లె 70 వేలు పెట్టి కొత్తది చూసి పెట్టుకున్నది, కార్డు గీకుడే తక్కువ. ఆగు అని చెప్పి మెయిల్ పెట్టించిన. రెండు రోజులకి జవాబొచ్చింది, “షేరింగ్ బేసిస్” అని. చెల్లె నాకు ఫార్వర్డ్ చేసి ఏడ్చే బొమ్మ పెట్టింది. ఆమె పాతది 2019ది, విండోస్ 11 ఎక్కుతదని యాప్‌లో తేలింది. శనివారం ఇద్దరం సీటీసీకి పోయి ఎస్ఎస్‌డీ, బ్యాటరీ మార్పిచ్చినం, పది వేల లోపల అయింది. మిగిలిన పైసలు దిర్హాంలు చేసి పెట్టుకో, మొదటి నెల గడవాలె గదా అన్న. ఇప్పుడు రోజూ మెసేజ్ చేస్తున్నది, కుక్కర్ ఇక్కణ్ణుంచి తీస్కపోవాల్నా అక్కా అని.